సివిక్స్ మేడం జవాబులు: కాలేజీ తెరిచేలోగా

పదో తరగతి ఫలితాలు వచ్చాయి, ఇంటర్ అడ్మిషన్లు మొదలయ్యాయి. ఈసారి ఉత్తరాల్లో సగానికి పైగా రాజనీతి శాస్త్రం గురించే ఉన్నాయి. 1989లో ప్రభుత్వ జూనియర్ కాలేజీలో సివిక్స్ లెక్చరర్‌గా చేరి 2021లో రిటైరయ్యాను. ఆ 32 ఏళ్ళలో ఈ సబ్జెక్టును ఇష్టపడి తీసుకున్న పిల్లలకన్నా ఇంకేదీ దొరక్క వచ్చి కూర్చున్న పిల్లల్నే ఎక్కువ చూశాను. అందుకే ఈ నెల ఉత్తరాలు చదువుతుంటే కడుపు నిండినట్టయింది. చోటు ఉన్నంత మేర జవాబులు రాస్తున్నాను.

*

నమస్తే మేడం. నాకు పదిలో మంచి మార్కులు వచ్చాయి. హెచ్‌ఈసీ (హిస్టరీ, ఎకనామిక్స్, సివిక్స్) తీసుకుంటానంటే మా మావయ్య "ఈ మార్కులు పెట్టుకుని సివిక్స్ ఏంటి" అని గొడవ. అమ్మ మాత్రం ఒప్పుకుంది. కాలేజీ తెరవడానికి ఇంకా నెల ఉంది. ఈలోగా ఏం చదవాలి? గైడు కొనుక్కోమంటారా?
– విద్యార్థిని, పాలకొండ

గైడు ఇప్పుడే వద్దు తల్లీ. ఎందుకో చెబుతాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ గైడు చెప్పినట్టే పాఠం చెప్పేదాన్ని. లాస్కీ నిర్వచనం, గెటిల్ నిర్వచనం, గార్నర్ నిర్వచనం, వాటి కింద ఎనిమిది పాయింట్లు. పిల్లలు రాసుకునేవారు. అప్పుడు పార్వతీపురంలో పని. ఏజెన్సీ నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునే సవర పిల్ల ఒకతె మూడో బెంచీలో కూర్చునేది, ఎప్పుడూ నోరు విప్పేది కాదు. ఒకరోజు సమాఖ్య లక్షణాలు డిక్టేట్ చేస్తుంటే లేచి నిలబడింది. "మేడం, మా కొండ మీద భూమి షావుకారు కొనకూడదంటారు కదా, ఆ మాట ఎవరన్నారు? ప్రధానమంత్రా, కలెక్టరా?" అని అడిగింది. నాకు తెలియలేదు. తెలియదని చెప్పడానికి నోరు రాక, "అది మన సిలబస్‌లో లేదమ్మా, కూర్చో" అన్నాను. కూర్చుంది. ఆ పిల్ల ముఖం ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంటుంది.

ఆ రాత్రి రాజ్యాంగం తీసి అయిదో షెడ్యూలు మొదటిసారి ఒళ్ళు దగ్గర పెట్టుకుని చదివాను. షెడ్యూల్డు ప్రాంతాల కోసం గవర్నరు నిబంధనలు చేయవచ్చు, గిరిజన సలహా మండలిని సంప్రదించాలి, రాష్ట్రపతి ఆమోదం ఉండాలి. ఆ అధికారంతో వచ్చిందే 1959 నాటి భూబదలాయింపు నిబంధన. దాన్ని 1970లో గట్టిపరిచిన సవరణనే మన మన్యంలో 1/70 చట్టం అంటారు. దాని ప్రకారం అక్కడి భూమిని గిరిజనేతరుడికి అమ్మితే ఆ అమ్మకం చెల్లదు. మర్నాడు క్లాసులో ముందు ఆ పిల్లకి జవాబు చెప్పి, తర్వాతే పాఠం మొదలుపెట్టాను. కొన్నేళ్ళకు, 1997లో, సమతా కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. అనంతగిరి మండలంలో గనుల లీజుల మీద మొదలైన కేసు అది. షెడ్యూల్డు ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని ప్రభుత్వం కూడా ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం లీజుకివ్వకూడదని కోర్టు తేల్చింది. ఆ తీర్పు పేపర్లో చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ మూడో బెంచీయే.

ఆ పిల్ల అడిగిన ప్రశ్నను సాగదీస్తే మూడు ప్రశ్నలవుతాయి. ఇది ఎవరు నిర్ణయించారు? ఏ అధికారంతో? వాళ్ళని ఎవరు ఆపగలరు? ఆ తర్వాత నేను చెప్పిన సివిక్స్ అంతా ఈ మూడు ప్రశ్నల చుట్టూనే తిరిగింది. నీ నెల రోజుల పని కూడా ఇదే. ఒక వందపేజీల నోటుబుక్కు తీసుకో. రోజుకి ఒక్క విషయం చాలు. నీ ఇంట్లోంచే ఎత్తుకో. కరెంటు బిల్లు వచ్చిందనుకో, యూనిట్ ధర ఎవరు నిర్ణయించారు? మంత్రి అనుకుంటావు. కాదు, విద్యుత్ నియంత్రణ మండలి. ఏ అధికారంతో? 2003 నాటి విద్యుత్ చట్టంతో. ఎవరు ఆపగలరు? ధర ఖరారు చేసేముందు ఆ మండలి బహిరంగ విచారణ పెట్టాలి, అక్కడికి ఎవరైనా వెళ్ళి అభ్యంతరం చెప్పవచ్చు. ఆ పైన ట్రిబ్యునల్ ఉంది, సుప్రీంకోర్టు ఉంది. ఇక మీ వీధి కాలవ సంగతి చూడు. మీది నగర పంచాయతీ కదా, మరి పక్క ఊళ్ళో గ్రామ పంచాయతీ. రెండింటికీ చట్టాలు వేరు, ఎందుకు వేరు? రేషన్ బియ్యం, ఆర్టీసీ చార్జీ, మీ బడిలో మధ్యాహ్న భోజనం, అన్నింటినీ ఇలాగే అడుగు. మొదటి వారం సగం జవాబులు దొరకవు. దొరకనివి ఖాళీగా వదిలి పెన్సిల్‌తో గీత పెట్టుకో. రెండేళ్ళ సిలబస్‌లో ఆ ఖాళీల్లో చాలా భాగం నిండుతాయి. అలా నిండిన రోజున ఆ పాఠం నీదవుతుంది.

రెండోది, రాజ్యాంగాన్నే చదువు. దాని గురించి ఇంకెవరో రాసింది కాదు. తెలుగు అనువాదం లైబ్రరీల్లో ఉంటుంది. 1950 జనవరి 26న అమల్లోకి వచ్చినప్పుడు 395 అధికరణాలు, 8 షెడ్యూళ్ళు. అంతా చదవమనడం లేదు. పీఠిక, తర్వాత 12 నుంచి 35 దాకా ప్రాథమిక హక్కులు, 36 నుంచి 51 దాకా ఆదేశిక సూత్రాలు, ఆపైన పంచాయతీల గురించి చెప్పే 243. రోజుకి రెండు అధికరణాలు, గట్టిగా పైకి చదువు. అంటరానితనాన్ని రద్దు చేసిన 17 ఎంత చిన్నదో చూడు. ప్రాణానికీ వ్యక్తిగత స్వేచ్ఛకూ రక్షణ ఇచ్చే 21 ఒక్క వాక్యం. ఆ ఒక్క వాక్యం మీద కోర్టులు ఎన్ని వేల పేజీలు రాశాయో రెండో ఏడాదిలో తెలుస్తుంది.

వీలైతే రాజ్యాంగ సభ చర్చలు కూడా కొన్ని చూడు, ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉన్నాయి. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి ఆ సభలో కూర్చుంది. సభాధ్యక్షుల ప్యానెల్‌లో ఉన్న ఒకే ఒక్క మహిళ ఆమె. నెల్లూరు జిల్లాలో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ముసాయిదా సంఘంలో ఉన్నారు. ఒక మాట ఉంచాలా తీసేయాలా అని పెద్దవాళ్ళు ఎంత ఓపిగ్గా వాదించుకున్నారో చదివితే, పాఠ్యపుస్తకంలో ఒక లైనుగా కనిపించేది వెనక ఎంత ఉందో అర్థమవుతుంది.

మావయ్యగారికి నా మాటగా చెప్పు. లా చదవాలన్నా, గ్రూప్స్ రాయాలన్నా, టీచరవ్వాలన్నా ఈ దారి బాగానే ఉంటుంది. కానీ అందుకోసమే తీసుకోమని నేను చెప్పను. నీకు అడగాలని ఉంది, అడగడం నేర్పే సబ్జెక్టు ఇది.

*

మేడం గారూ, పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇప్పుడు సీఈసీ (కామర్స్, ఎకనామిక్స్, సివిక్స్) ఇంగ్లీషు మీడియంలో చేరాను. సివిక్స్ పుస్తకం తెరిస్తే ఒక్క పేజీ ముందుకు కదలడం లేదు. మాటలు బట్టీ పట్టాలా?
– విద్యార్థి, జనగామ

బాబూ, తెలుగులోంచి వచ్చినవాడివి కాబట్టి నీకో లాభం ఉంది. ముందు అది చూడు.

మొదటి సంవత్సరంలో "స్టేట్" అని ఒక అధ్యాయం వస్తుంది. ఇంగ్లీషులో ఆ ఒక్క మాటకే మనకు రెండు మాటలున్నాయి: రాజ్యం, రాష్ట్రం. రాజ్యానికి నాలుగు అంగాలు ఉండాలంటుంది పుస్తకం. జనాభా, భూభాగం, ప్రభుత్వం, సార్వభౌమాధికారం. ఇంగ్లీషు మీడియం పిల్లలు ఇక్కడే తడబడతారు. "తెలంగాణ ఒక స్టేట్, కాబట్టి దానికి సార్వభౌమాధికారం ఉంది" అని రాసిన జవాబుపత్రాలు స్పాట్ వాల్యుయేషన్‌లో నా చేతికి ఒకటి కాదు, చాలా వచ్చాయి. తెలుగులో ఆలోచించేవాడికి ఆ పొరపాటు జరగదు. తెలంగాణ రాష్ట్రం, సార్వభౌమాధికారం ఉన్న రాజ్యం మాత్రం భారతదేశం.

అయితే అదే మాట 12వ అధికరణంలో ఇంకో రకంగా వస్తుంది. అక్కడ "స్టేట్" అంటే కేంద్ర ప్రభుత్వం, పార్లమెంటు, రాష్ట్ర ప్రభుత్వాలు, శాసనసభలు, స్థానిక సంస్థలు, అన్నీ. అంటే మీ ఊరి పంచాయతీ కూడా ఆ అర్థంలో రాజ్యమే. పంచాయతీ నీ ప్రాథమిక హక్కును తొక్కినా నువ్వు హైకోర్టుకు వెళ్ళవచ్చు. ఒకే మాట మూడు చోట్ల మూడు పనులు చేస్తోంది. బట్టీ పడితే ఇది కనబడదు.

తెలుగు నిన్ను బోల్తా కొట్టించే చోట్లు కూడా ఉన్నాయి. "జాతి" అని మనం రోజూ ఇళ్ళలో ఒక అర్థంలో వాడతాం, పాఠంలో "నేషన్" అనే అర్థంలో వస్తుంది. న్యాయం సంగతి ఇంకా చిక్కు. లా మినిస్టర్‌ని న్యాయశాఖ మంత్రి అంటాం, కోర్టుని న్యాయస్థానం అంటాం. దాంతో చట్టమూ న్యాయమూ ఒకటేనన్న అభిప్రాయం భాషలోంచే వచ్చేస్తుంది. చట్టప్రకారం జరిగి కూడా న్యాయం కానివి ఉంటాయా అని అడిగితే పిల్లలు ముందు బిక్కమొహం వేస్తారు. దేవదాసీలుగా ఆడపిల్లల్ని ఇచ్చే ఆచారం మద్రాసు రాష్ట్రంలో 1947 దాకా చట్టం నిషేధించని విషయమే కదా అంటే అప్పుడు అర్థమవుతుంది.

కాబట్టి బట్టీ వద్దు. నోటుబుక్కు పేజీని నిలువునా మూడు గళ్ళు చెయ్యి. మొదటి గడిలో ఇంగ్లీషు మాట, రెండో గడిలో తెలుగు మాట, మూడో గడిలో మీ ఊళ్ళో జరిగిన ఒక సంగతి. న్యాయ సమీక్ష, ద్విసభా విధానం, అవిశ్వాస తీర్మానం, పార్టీ ఫిరాయింపు, ఇవన్నీ మొదటి నెలలోనే తగులుతాయి. అవిశ్వాసం పక్కన మీ మున్సిపాలిటీలో చైర్మన్ మీద ఎప్పుడైనా పెట్టారేమో మీ నాన్నగారిని అడిగి రాసుకో. మూడో గడి నిండితేనే ఆ మాట వచ్చినట్టు లెక్క.

*

ఏ పేపరు చదవాలి మేడం?
– కార్డు మీద ఇంతే రాశారు, ఊరు లేదు

రెండు. మీ ఇంటికి వచ్చేది ఒకటి, మీ ఇంట్లోవాళ్ళు తిట్టేది ఒకటి. ఒకే వార్తను రెండింట్లో కత్తిరించి పక్కపక్కన అంటించండి. వారానికి ఒక్కసారి చాలు. పార్లమెంటు సమావేశాలు జరిగే రోజుల్లో టీవీలో లోక్‌సభ ప్రశ్నోత్తరాల సమయం పెట్టండి, ఉదయం 11 గంటలకు మొదలవుతుంది. మంత్రి చెప్పిన జవాబుకీ, సభ్యుడు వెంటనే వేసే అనుబంధ ప్రశ్నకీ మధ్య ఏం జరుగుతుందో గమనించండి. సాయంత్రం చర్చా కార్యక్రమాల జోలికి ఇప్పుడే వెళ్ళకండి.

*

అక్కా, మేం ఇంగ్లండ్‌లో రెడింగ్‌లో ఉంటాం. వచ్చి పన్నెండేళ్ళయింది. మా అమ్మాయి జీసీఎస్ఈ (మన పదో తరగతి లాంటిది) పూర్తిచేసి సెప్టెంబరులో సిక్స్త్ ఫామ్‌లో, అంటే మన ఇంటర్ లాంటి దాంట్లో చేరుతుంది. హిస్టరీ, ఇంగ్లీషుతో పాటు ఎ-లెవెల్ పాలిటిక్స్ తీసుకుంది. మా ఇద్దరిదీ ఇంజనీరింగు. ఇక్కడి రాజకీయాలు మాకు పెద్దగా తెలియవు, ఇంట్లో సాయం చేసేవాళ్ళు లేరు. ఈ వేసవిలో దాన్ని ఎలా సిద్ధం చేయాలి?
– ఒక తల్లి

చెల్లీ, మా అక్క మనవరాలు బర్మింగ్‌హామ్‌లో ఇదే చదివింది. రెండేళ్ళు ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో నాతో వాదించేది. సిలబస్ నాకు అలా పరిచయమయింది, దానితో పాటు నేనూ చదివాను.

ముందు వాళ్ళ స్కూల్లో ఏ బోర్డో కనుక్కోండి. ఎడెక్సెల్ అయితే రెండేళ్ళ చివర మూడు పేపర్లు, ఒక్కోటి రెండు గంటలు, 84 మార్కులు. ఏక్యూఏ అయితే మూడు పేపర్లు, 77 మార్కులు చొప్పున. ఎడెక్సెల్‌లో మొదటి పేపరు బ్రిటన్ రాజకీయాలు, రెండోది ప్రభుత్వ వ్యవస్థ, మూడోది అమెరికా లేదా ప్రపంచ రాజకీయాలు. మొదటి రెండింటిలో భావజాలాలు కలిసి ఉంటాయి. ఉదారవాదం, సంప్రదాయవాదం, సోషలిజం తప్పనిసరి. లాక్, మిల్, బర్క్, హాబ్స్, మార్క్స్ లాంటి రాజకీయ తత్వవేత్తలు ఎవరితో ఎక్కడ ఏకీభవిస్తారో, ఎక్కడ తెగతెంపులు చేసుకుంటారో చెప్పగలగాలి. పిల్లలు మొదటి ఏడాది దెబ్బతినేది ఇక్కడే. ఎన్నికల గురించి ఇంట్లో ఎంతోకొంత వినే ఉంటారు, బర్క్ పేరు మాత్రం ఎవరూ విని ఉండరు. అందుకని వేసవిలో ఈ ముగ్గురు నలుగురిని పరిచయం చేసుకోనివ్వండి. ఒక్కొక్కరి గురించి ఒక్క ప్రశ్న చాలు: మనిషి స్వభావం మంచిదని నమ్మాడా, లేదా? హాబ్స్ నమ్మలేదు, అందుకే బలమైన పాలకుడు కావాలన్నాడు. లాక్ కొంత నమ్మాడు, అందుకే పాలకుడి చేతులు కట్టాలన్నాడు. మిగతావన్నీ అక్కణ్ణుంచే అల్లుకుంటాయి.

సాయం చేసేవాళ్ళు లేరన్నారు, ఆ మాట ఒప్పుకోను. మీది భారతీయ పాస్‌పోర్టే అయినా, అక్కడ చట్టబద్ధంగా నివసించే కామన్వెల్త్ పౌరులకు బ్రిటన్ పార్లమెంటు ఎన్నికల్లో ఓటు ఉంది. పేరు నమోదు చేసుకున్నారా? లేకపోతే మీ అమ్మాయి చేతే చేయించండి. ఆ ఫారం నింపడమే దాని మొదటి పాఠం. ఈ హక్కు ఎలా వచ్చింది, మన దేశంలో ఉన్న బ్రిటిష్ పౌరుడికి మనం ఎందుకు ఇవ్వలేదు, ఇవ్వాలా వద్దా? ఓటు హక్కు గురించిన వ్యాసంలో ఇంటి ఉదాహరణ రాసినవాళ్ళు అరుదు. స్కాట్లండ్, వేల్స్ తమ సొంత చట్టసభలకు పదహారేళ్ళకే ఓటు ఇచ్చాయన్నది కూడా అందులోకే వస్తుంది.

2022 అక్టోబరు 25న రిషి సునాక్ ప్రధాని అయినప్పుడు మీ ఇంట్లో స్వీట్లు పంచుకునే ఉంటారు. ఇక్కడ మేమూ సంతోషపడ్డాం. ఆ రోజును పై అమ్మాయికి చెప్పిన మూడు ప్రశ్నలతో చూడమనండి. ఎవరు నిర్ణయించారు? ఓటర్లు కాదు. సొంత పార్టీలో కనీసం వందమంది ఎంపీల మద్దతు కావాలన్నారు, అది సంపాదించి బరిలో మిగిలింది ఆయనొక్కరే. ఏ అధికారంతో? నియమించింది రాజు, కానీ కామన్స్ సభ (అక్కడి పార్లమెంటు దిగువసభ) విశ్వాసం ఉన్నవారినే నియమించాలన్నది లిఖిత చట్టం కాదు, సంప్రదాయం. ఎవరు ఆపగలరు? అదే సభ. ఆ ఒక్క ఏడాదిలో ఆ దేశం ముగ్గురు ప్రధానుల్ని చూసింది, మధ్యలో సాధారణ ఎన్నిక జరగలేదు. ఇది ప్రజాస్వామ్యమేనా అన్నది అక్కడ 30 మార్కుల ప్రశ్న. "అవును" అని రాసినా మార్కులొస్తాయి, "కాదు" అని రాసినా వస్తాయి. అటూ ఇటూ ఊగి చివర ఏదీ తేల్చకుండా వదిలేస్తేనే పోతాయి.

మనవాళ్ళ పిల్లలకు పనికొచ్చే పోలిక ఇంకొకటుంది. బ్రిటన్‌కు ఒకేచోట రాసిపెట్టిన రాజ్యాంగం లేదు. పార్లమెంటు చేసిన చట్టాన్ని కొట్టివేసే అధికారం అక్కడి సుప్రీంకోర్టుకు లేదు. 2019 సెప్టెంబరులో పదకొండు మంది జడ్జీలు ఏకగ్రీవంగా ప్రధాని సలహాతో జరిగిన పార్లమెంటు ప్రొరోగేషన్ (సమావేశాలను ముగించడం) చెల్లదన్నారు. అది ప్రధానిని ఆపడం, పార్లమెంటును ఆపడం కాదు. మన దగ్గర 1973లో కేశవానంద భారతి కేసులో సుప్రీంకోర్టు జడ్జీలు పదమూడు మంది కూర్చుని, ఏడుగురు ఒకవైపు ఆరుగురు ఒకవైపు అయి, రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని మార్చే అధికారం పార్లమెంటుకు కూడా లేదన్నారు. ఎవరి చేతిలో చివరి మాట ఉండాలి? ప్రజలు ఎన్నుకున్నవాళ్ళ చేతిలోనా, ఎవరూ ఎన్నుకోని జడ్జీల చేతిలోనా? భోజనాల దగ్గర ఇది అడిగి, మీ ఆయన్ని ఒక పక్క వాదించమనండి, మీరు రెండో పక్క ఉండండి. పిల్లని జడ్జిని చెయ్యండి. తీర్పు మాత్రం కాగితం మీద రాయించండి, నోటిమాటగా వదలకండి. ఆ సబ్జెక్టులో చివరికి నిలబెట్టేది రాతే.

*

మేడం, మా తాతయ్యది ఒక పార్టీ, నాన్నది ఒక పార్టీ. నాకు ఒక నాయకుడంటే ప్రాణం. సివిక్స్ చదవాలంటే అభిమానం వదిలేసుకోవాలా? పరీక్షలో నా అభిప్రాయం రాస్తే మార్కులు కోస్తారా?
– విద్యార్థి, నరసరావుపేట

అభిమానం ఉంచుకో బాబూ. ఇష్టమే లేనివాడు ఈ సబ్జెక్టు చదవలేడు. కానీ దాన్ని ఒక అంకె ముందు నిలబెట్టి చూడు.

2019 ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఎన్నికల్లో తెలుగుదేశానికి దాదాపు 39 శాతం ఓట్లు వచ్చాయి. 175లో సీట్లు 23. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు కూడా దాదాపు 39 శాతమే వచ్చాయి. సీట్లు 11. ఇద్దరికీ వందలో ముప్పై తొమ్మిది మంది ఓటేశారు, సభలో చూస్తే ఇద్దరూ తుడిచిపెట్టుకుపోయినట్టు కనిపించింది. అదే 2024లో బ్రిటన్‌లో లేబర్ పార్టీ దాదాపు 34 శాతం ఓట్లతో 650లో 411 సీట్లు గెలిచింది. ఏ నియోజకవర్గంలో ఎక్కువ ఓట్లొస్తే వాళ్ళదే గెలుపు అన్న పద్ధతి ఇది. ఇప్పుడు చెప్పు, ఈ పద్ధతి మంచిదా? నీ నాయకుడు గెలిచిన ఏడాది అంకెతో ఒకసారి, ఓడిన ఏడాది అంకెతో ఒకసారి జవాబు రాయి. రెండు జవాబులూ ఒకటే అయితే అది నీ అభిప్రాయం. మారిపోతే అది ఇంకా పార్టీ అభిప్రాయమే, నీది కాదు.

ఒక సంగతి చెబుతాను. 2014లో నేను విజయనగరం జిల్లాలో ఒక కాలేజీలో ఉన్నాను. జనవరి 30న ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును తిరస్కరించింది. ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ అదే బిల్లును ఆమోదించాయి. మర్నాడు క్లాసుకు వెళితే పిల్లల కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "మన అసెంబ్లీ వద్దన్నాక ఎలా చేస్తారు మేడం?" అన్నారు. నా కళ్ళూ అలాగే ఉన్నాయేమో. మూడో అధికరణం తీసి చదివాను. రాష్ట్రాల సరిహద్దులు మార్చే బిల్లుపై రాష్ట్ర శాసనసభ అభిప్రాయం అడగాలని అందులో ఉంది, ఒప్పుకోవాలని లేదు. క్లాసు నిశ్శబ్దమైపోయింది. అప్పుడు ఇంకో పేజీ తిప్పాను. 1955లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ కోసం వేసిన ఫజల్ అలీ కమిషన్ తెలంగాణను వేరుగా ఉంచి, 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత అక్కడి శాసనసభ మూడింట రెండొంతుల మెజారిటీతో ఒప్పుకుంటేనే కలపమంది. ఆగలేదు. పెద్దమనుషుల ఒప్పందం చేసుకుని 1956 నవంబరు 1న కలిపేశారు. "ఆ రోజు వరంగల్‌లో మీ వయసు పిల్లలు ఏం అడిగి ఉంటారు?" అన్నాను. వెనక బెంచీలో ఒకడు "మనం ఇవాళ అడిగిందే" అన్నాడు. నా ఉద్యోగంలో నేను చెప్పిన మంచి క్లాసు అదొక్కటే అనిపిస్తుంది, అందులో సగం వాడు చెప్పాడు.

మార్కుల సంగతి. ఎన్నో ఏళ్ళు పేపర్లు దిద్దాను. పది మార్కుల జవాబులో నాయకుణ్ణి పొగిడిన పేరా వస్తే దానికి మార్కు వేయడానికి ఏమీ ఉండదు, అంతే. కోపంతో కోసింది లేదు. నీకు నచ్చని పక్షం వాదనను, ఆ పక్షం మనిషి చదివి "అవును, నా మాట ఇదే" అనేలా ఒక పేరా రాయగలవా? ముందు మీ తాతయ్య పార్టీ గురించి రాసి ఆయనకే వినిపించు. ఆయన తల ఊపేదాకా తిరగరాయి. పరీక్ష విధానం ఇప్పుడు మారుతోంది కాబట్టి బోర్డువారి ఈ ఏటి మాదిరి ప్రశ్నపత్రం మాత్రం తప్పక చూసుకో, మా రోజుల లెక్కలు నమ్ముకోవద్దు.

*

మేడం, పోయినసారి మీరు గ్రామసభకి వెళ్ళి కూర్చోమని రాశారు. వెళ్ళాను. మా సర్పంచ్ ఆడమనిషి. ఆవిడ కుర్చీలో కూర్చున్నారు, మాట్లాడిందంతా ఆవిడ భర్త. పాతికమంది వచ్చారు. సెక్రటరీ ఏదో చదివారు, అందరూ సంతకాలు పెట్టి వెళ్ళిపోయారు. నేను రాసుకోవడానికి ఏమీ లేదు. పుస్తకంలో ఒకటి, ఊళ్ళో ఒకటి అయితే ఏది చదవాలి?
– ఇంటర్ మొదటి సంవత్సరం, బొబ్బిలి దగ్గర ఒక పల్లె

రాసుకోవడానికి ఏమీ లేదంటూనే అంతా రాసి పంపావు కదమ్మా! నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను.

రెండూ చదవాలి, పక్కపక్కన పెట్టి చదవాలి. పుస్తకం ఏమంటోంది? 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. ఊరి ఓటర్ల జాబితాలో ఉన్న అందరూ గ్రామసభ సభ్యులు. స్త్రీలకు కనీసం మూడో వంతు స్థానాలని 243డి చెబితే, మన రెండు రాష్ట్రాలూ సగం ఇచ్చాయి. ఊళ్ళో నువ్వు చూసింది ఏమిటి? కుర్చీ వచ్చింది, మాట ఇంకా రాలేదు. ఈ రెండింటి మధ్య దూరం ఎందుకుంది? ఆవిడ చదువుకున్నారా, పంచాయతీ లెక్కలు ఎవరి దగ్గర ఉంటాయి, మండలాఫీసుకి వెళితే అక్కడివాళ్ళు ఎవరితో మాట్లాడతారు? ఆవిడ మాట్లాడరని నువ్వు అనుకుంటున్నావు. ఆవిణ్ణి మాట్లాడనివ్వరేమో, లేదా ఇంకెక్కడో మాట్లాడతారేమో. నాకు తెలిసిన ఒక సర్పంచ్ సభలో నోరెత్తేది కాదు. బోరింగు చెడితే ఊళ్ళో ఆడవాళ్ళంతా వెళ్ళేది ఆవిడ పెరట్లోకే, మర్నాటికి మెకానిక్ వచ్చేవాడు. అదీ పాలనే. దాన్ని రిజిస్టర్‌లో ఎవరూ రాయలేదు.

కాబట్టి ఒకసారి వాళ్ళింటికి వెళ్ళు, అమ్మని తీసుకుని వెళ్ళు. "అత్తా, కాలేజీలో పంచాయతీ పాఠం ఉంది, మీరు చెబితే రాసుకుంటాను" అని అడుగు. భర్తగారు జవాబు చెబితే అదీ రాసుకో, తర్వాత మళ్ళీ ఆవిడ వైపే తిరిగి అడుగు. రెండోది, ఆ రోజు అందరూ సంతకాలు పెట్టిన తీర్మానంలో ఏముందో చూడాలి. పంచాయతీ సెక్రటరీ గారిని మర్యాదగా తీర్మానాల పుస్తకం చూపించమను. చూపించకపోతే మీ అమ్మగారి పేరుతో సమాచార హక్కు చట్టం కింద తెల్లకాగితం మీద దరఖాస్తు పెట్టవచ్చు, 30 రోజుల్లో జవాబు రావాలి.

అక్టోబరు 2న సాధారణంగా మళ్ళీ సభ పెడతారు. ఈసారి నీ ఈడు పిల్లలు ఇద్దర్ని వెంట తీసుకెళ్ళు. మీకు ఇంకా ఓటు లేదు కాబట్టి మాట్లాడే హక్కు గురించి ఎవరైనా అడగొచ్చు, వినడానికి వచ్చామని చెప్పండి. ఎంతమంది వచ్చారు, అందులో ఆడవాళ్ళు ఎంతమంది, ఎవరు ఎన్నిసార్లు నోరు విప్పారు, గీతలు పెట్టి లెక్క రాయండి. ఆ కాగితం నాకు పంపించు. వచ్చే శీర్షికలో దానికోసం చోటు ఉంచుతాను.